పప్పు ఉడకని నీళ్లలో చేపలు

మా ఇంట్లో చేప అంటే పులుసే. మావారి స్వగ్రామం నందిగామ అవతల మున్నేటి ఒడ్డున ఉంది. చిన్నప్పుడు గాలం వేసి పరిగెలు పట్టి, తాటాకుకు గుచ్చి ఇంటికి తెచ్చేవారట. అటువంటి మనిషి అరవై ఎనిమిదో ఏట గాజుతొట్టి ముందు కుర్చీ వేసుకొని చేపలను లెక్కపెడతారని మేమెవరమూ అనుకోలేదు. 2024 జనవరిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గాని కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయింది. సంఘంలోని వారు సాయంత్రం వచ్చి ప్రార్థన చేసి వెళ్లేవారు. వారు వెళ్లాక రాత్రి పొడుగునా ఎదురుగా ఉన్న గోడే. టీవీ పెడితే ముఖం తిప్పుకొనేవారు.

"నాయనమ్మ ఇంట్లో లేదు గాని, మా ఫ్రెండు ఇంట్లో చేపల తొట్టి ఉంది అమ్మమ్మా, తాతయ్యకు అది పెడదాం" అన్నాడు నందిగామ నుండి వచ్చిన మనవడు. వాడి తల్లి వెంటనే అడ్డుపడింది. అంతకు ముందు ఏడు వాడి పుట్టినరోజుకు ఎవరో గుండ్రటి గాజుగిన్నెలో రెండు బంగారు చేపలు బహుమానంగా ఇచ్చారు. నాలుగో రోజుకు రెండూ వెల్లకిలా తేలాయి. పిల్లవాడు అన్నం మానేశాడు. "నాన్నగారి కళ్ల ముందు కూడా అలా చచ్చి తేలితే ఏమిటమ్మా పరిస్థితి?" అంది. అది తీసిపారేయవలసిన మాట కాదు. మంచంలో ఉన్న మనిషి ఎదుట ఏ ప్రాణి చచ్చినా ఆయన దాన్ని ఎలా తీసుకుంటారో మాకు తెలుసు. పైగా వచ్చే పింఛను ఫిజియోథెరపీకే చాలని రోజులవి.

నేను ముప్పై ఏళ్లు జగ్గయ్యపేటలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన దాన్ని. ఆ బంగారు చేపలు ఎందుకు చచ్చాయో నాకు తెలుసు గనుక ధైర్యం చేశాను. బంగారు చేప చిన్నగా కనబడుతుంది గాని జానెడుకు పైగా పెరిగే చేప. చాలా తింటుంది, చాలా విసర్జిస్తుంది. చేపలు మొప్పల గుండా అమ్మోనియాను వదులుతాయి. అది వాటికే విషం. ఏటిలో అయితే కొట్టుకుపోతుంది, చిన్న గిన్నెలో ఎక్కడికి పోతుంది? దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉన్నాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ఇది అంత ప్రమాదకరం కాదు, వారం వారం కొంత నీరు మారిస్తే పోతుంది. అయితే ఈ సూక్ష్మజీవులు దుకాణం నుండి తొట్టితో పాటు రావు. అవి గులకరాళ్ల మీద, వడపోత స్పాంజిలో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్ననాడే చేపలు కొనడమంటే, మరుగుదొడ్డి లేని ఇంట్లో పదిమందిని కాపురం పెట్టడమే.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి తీసుకున్నాము. నిండుగా పోస్తే యాభై ఆరు లీటర్లు పడుతుంది. నీళ్ల బరువే అర క్వింటాలు దాటుతుంది గనుక ఊగే బల్ల పనికిరాదు. పాత కుట్టుమిషను బల్ల మీద పెడదామన్న మా అమ్మాయి సలహా అక్కడే ఆగిపోయింది. వడ్రంగి చేత టేకు ముక్కలతో బల్ల చేయించి, కిటికీ ఎండ పడని గోడకు ఆనించాము. ఎండ పడితే పాచి పడుతుంది. గాలి మోటారు, స్పాంజి ఫిల్టరు, చిన్న దీపం, అంతా కలిపి మూడు వేలు దాటలేదు. మా ఎండలకు హీటరు ఎందుకు?

ఇక నీళ్ల సంగతి. దీన్ని గురించే నేను ఎక్కువగా చెప్పాలి. మన జగ్గయ్యపేట సున్నపురాతి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి ఊరికే రాలేదు. 1882లో జేమ్స్ బర్జెస్ దొర మన ఊరి బౌద్ధస్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన శిల్పాలు కూడా సున్నపురాతి పలకల మీద చెక్కినవే. మాంధాత చక్రవర్తి బొమ్మ ఉన్న పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ రాతి సారమంతా మా బోరు నీళ్లలో దిగుతుంది. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు, కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. కొత్తగా చేపలు పెంచేవారు చేసే పని ఏమిటంటే, దుకాణంలో రంగు చూసి చేపను ఎంచుకొని, తరువాత దానికి తగిన నీళ్ల కోసం తంటాలు పడడం. నా లెక్క దీనికి తలకిందులు. నీ ఇంట్లో ఏ నీళ్లున్నాయో చూసుకొని, ఆ నీళ్లకు తగిన చేపను వెతుక్కో. మెరిసే నియాన్ టెట్రాలు, పళ్లెంలా ఉండే డిస్కస్ చేపలు అమెజాను నది మెత్తని నీళ్లలో పుట్టినవి. మన బోరు నీళ్లు వాటికి శిక్ష. గప్పీలు, మోలీలు, ప్లాటీలు, కత్తితోక చేపలు మాత్రం సున్నం కలిసిన కఠినజలాన్నే ఇష్టపడతాయి. పప్పు ఉడకని నీళ్లు వాటికి పాయసం.

తొట్టిలో వేసే రాళ్లకు ఒక పరీక్ష ఉంది. రాయి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే బుస్సుమని పొంగితే అది సున్నపురాయి, నీటిని ఇంకా కఠినం చేస్తుంది. మనవడు ఊళ్లో దొరికిన ప్రతి రాయిమీదా నిమ్మకాయ పిండి, మా పచ్చడికి కాయ మిగల్చలేదు. పొంగని ఏటి గులకరాళ్లు ఏరి, కడిగి పరిచాము. హైడ్రిల్లా నాచు నాటాము. బడిలో గాజు గరాటు కింద ఈ మొక్కనే పెట్టి, ఎండలో బుడగలు చూపించేదాన్ని. మా ఆయన ఆ బుడగలను చూడడం అదే మొదటిసారి.

చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చాము. చూడవచ్చినవారు "చేపలేవండీ?" అని అడిగి నవ్వేవారు. ఆయన ఎడమచేత్తో క్యాలెండరులో ఒక్కో రోజూ కొట్టివేసేవారు. ముప్పై ఎనిమిదో రోజున పరీక్ష చుక్కలు వేస్తే అమ్మోనియా లేదు, నైట్రైటు లేదు. అప్పుడు విజయవాడ నుండి ఆరు మోలీలు తెచ్చాము. రెండు మగవి, నాలుగు ఆడవి. మగవి ఎక్కువైతే ఆడవాటిని తరిమి తరిమి చంపుతాయి. సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి, మన నీళ్లు కొద్దికొద్దిగా సంచిలోకి పోసి, చేపలను మాత్రమే వలతో వదిలాము. దుకాణం నీళ్లు తొట్టిలో పోయలేదు. మేత రెండు నిమిషాల్లో తినేటంతే. మా ఇంటికి వచ్చే ప్రతి చుట్టానికీ ఈ ఒక్క సంగతి చెప్పలేక నా నోరు నొప్పి పుట్టింది. ప్రేమ కొద్దీ వేసే మేతే తొట్టి చేపలను ఎక్కువగా చంపుతుంది.

వేసవిలో నీరు రోజుకు అర అంగుళం ఆవిరయ్యేది. ఆవిరయ్యేది నీరే, సున్నం తొట్టిలోనే ఉండిపోతుంది. అందుచేత తగ్గిన మేరకు ఇరవై లీటర్ల క్యానులోని శుద్ధజలం పోశాము. వారానికి పావువంతు మార్చేటప్పుడు మాత్రం బోరు నీళ్లే. మా అమ్మాయిది కుళాయి నీళ్లు గనుక క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లో నిలవ ఉంచమన్నాను. స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. లేకపోతే ఆరువారాల కాపురం కాలువ పాలు.

అక్వేరియం అనే మాటను ప్రచారంలోకి తెచ్చినది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రజ్ఞుడు. 1853లో లండన్ జంతుశాలలో మొదటి ప్రజా అక్వేరియం తెరవడంలో ఆయన పాత్ర ఉంది. మరుసటి ఏడు పుస్తకం రాశాడు. ఆయన బ్రదరన్ సహవాసపు విశ్వాసి, డెవన్‌లో ఒక పల్లె మందిరంలో బోధకుడు కూడాను. ఆ పుస్తకం చదివి జనం సముద్రపు ఒడ్డు మీద పడి, రాతి మడుగులను ఊడ్చేశారు. దానికి ఆయన ఎంత బాధపడ్డాడో కుమారుడు తరువాత రాశాడు. మన దగ్గర దీనికి ఎదురు కథ జరుగుతోంది. తొట్టి శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప అడుగు దాటి పెరిగాక కొందరు కాలువలో వదిలేస్తారు. ముళ్లగట్టి ఒంటితో అది వలలు చింపుతుంది, మన చెరువు చేపల తిండి తింటుంది. దెయ్యం చేప అని జాలరులు తిట్టుకొనేది దానినే. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి, కాలువలో మాత్రం వదలకండి.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చింది కదా, అప్పుడు మా పేటలోనూ కుండపోత. కరెంటు పోయింది, గాలి మోటారు ఆగింది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. మేత మానేసి, లోటాతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుండి తిరిగి తొట్టిలోనే పోస్తూ ఉంటే గాలి కలుస్తుందని ఆయనకు చెప్పాను. మంచం పక్కన కుర్చీ వేయించుకొని, ఎడమచేత్తో మొదలుపెట్టారు. నేను పన్నెండింటికి నిద్రపోయాను. మూడింటికి లేచి చూస్తే లోటా చప్పుడు ఇంకా వినిపిస్తోంది. "ఇక చాలండీ, నేను పోస్తాను" అంటే తల అడ్డంగా ఊపారు. తెల్లవారి పదింటికి కరెంటు వచ్చింది. ఆరు చేపలూ ఉన్నాయి.

కుడి చేయి ఇంకా అలాగే ఉంది. మాట కొంత తేటపడింది. మోలీలు గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. కన్న తల్లే తినేస్తుంది గనుక నాచు దట్టంగా ఉంచాలి. మొన్న ఆదివారం నాచులో పిల్లలు కనబడ్డాయి. ఆయన పదకొండు అంటారు. నేను కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు లెక్కపెట్టాను, తొమ్మిదే.