మౌనముగా నుండువారి సమాధానము

ఉపాధ్యాయుడు పాఠము ముగించి "అర్థమైనదా?" యని యడుగుట, తరగతి యంతయు నేకకంఠముతో "అయినదండీ!" యని పలుకుట మన పాఠశాలలలో చిరకాలమునుండి జరుగుచున్న యాచారము. ఆ కేకలో నిజముగా నర్థమైనవారి గొంతు లెన్నియో, ప్రక్కవాని గొంతు ననుసరించి లేచినవి యెన్నియో కనిపెట్టుట యెంతటి యనుభవశాలికైనను కష్టమే. చేతు లెత్తుడనినను ఫల మంతంతమాత్రము. ఎప్పుడు నెత్తు నైదారుగురే యెత్తుదురు. తక్కినవారు వారివంక చూచి తామును సగము మోచేయి లేపుదురు.

పలకలు వాడు దినములలో నీ చిక్కు కొంత తక్కువ. నోటిలెక్క చెప్పగానే పిల్లలు సమాధానము వ్రాసి, పలకలు బోర్లించి, సైగ చేయగానే యొక్కసారిగా నెత్తి చూపెడివారు. పై తరగతులలో పలకలు పోయినవి గాని, వానితోపాటు ఆ యుపాయమును పోగొట్టుకొనవలసిన పని లేదు.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించు ఎరిక్ మజూర్ గారు మంచి బోధకులని పేరొందినవారే. 1990 ప్రాంతమున వారు తమ విద్యార్థులకు బలమును గూర్చిన సులభమైన ప్రశ్నలు కొన్ని యీయగా, ఒక విద్యార్థి లేచి, తమరు నేర్పినట్లు వ్రాయవలెనా, తనకు దోచినట్లు వ్రాయవలెనా యని యడిగెనట! పాఠ మొకటి, నమ్మక మొకటి యని తేలినది. 1991 నుండి వారు పద్ధతి మార్చిరి. ప్రశ్న వేయుట, ప్రతివాడును తనంతట తాను సమాధాన మెన్నుకొనుట, పిమ్మట ప్రక్కవానితో వాదించుట, తిరిగి యెన్నుకొనుట, ఇదియే యా క్రమము. సమాధానములు గ్రహించుటకు చేతులెత్తుట మొదలు మీటలుగల చిన్న యంత్రముల వరకు వాడబడినవి. 1998లో రిచర్డ్ హేక్ గారు 6,000 మందికి పైగా భౌతికశాస్త్ర విద్యార్థుల ఫలితములను పోల్చి చూడగా, ఇట్లు పాల్గొను తరగతులలోని యభివృద్ధి వట్టి యుపన్యాసములు వినువారి యభివృద్ధికి సుమారు రెండింతలుగా కనబడెను.

ఆ యంత్రములు మనవంటి పాఠశాలకు భారము. కాని ప్లికర్స్ అను పద్ధతికి కాగితపు అట్టలు చాలును. ప్రతి అట్టపైనను నలుపు తెలుపుల చదరపు గుర్తు ఒక్కొక్కరి కొక్కొక తీరున నుండును. నాలుగు అంచులలో ఏ, బీ, సీ, డీ యను చిన్న అక్షరము లుండును. తన సమాధానము పైకి వచ్చునట్లు విద్యార్థి అట్టను పట్టుకొనును. ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాను తరగతివంక మెల్లగా త్రిప్పగా, ఎవరి సమాధాన మేదో నమోదగును. గుర్తులు వేరువేరు గనుక ప్రక్కవాని అట్ట చూచి కాపీ కొట్టుటకు వీలులేదు. ఫోను ఉపాధ్యాయునిది యొక్కటే. పిల్లలచేతికి ఫోనులిచ్చెదరేమో యని భయపడు తల్లిదండ్రులు నిశ్చింతగా నుండవచ్చును.

మేము తొమ్మిదవ తరగతిలో న్యూటను మూడవ సూత్రము ముగించినప్పుడు, యథాప్రకారము "అయినదండీ!" యను కేక విని, అట్టలు పంచితిమి. లారీయు ఆటోయు ఢీకొనినచో నేది దేనిపై నెక్కువ బలము ప్రయోగించును? 52 మందిలో 37 మంది లారీ యనిరి. సమానమన్నవారు 9 మందియే. ఆ తొమ్మండుగురిలో చివరి బల్లపై కూర్చుండు బాలు డొకడు గలడు. జూను నెల మొదలు వాడు తరగతిలో నోరు విప్పినది హాజరు పలుకుటకే. ప్రక్కవారితో వాదింపుడని చెప్పగా, వాని చుట్టు నలుగురు చేరిరి. ఆటో నుగ్గగుట దానిపై బలమెక్కువ యగుటచే కాదనియు, దాని ద్రవ్యరాశి తక్కువ గనుక అదే బలమున కెక్కువ త్వరణము పొందుననియు, వాడు రెండు కంపాసుపెట్టెలను ఢీకొట్టించి వివరించెను. రెండవసారి సమానమన్నవారు 34. మిగిలిన 18 మందికొరకు మరునాడు పాఠము తిరిగి చెప్పితిమి. ఎవరికి చెప్పవలెనో ముందుగనే తెలియుట బోధకునకు చిన్న లాభము కాదు.

పాఠ్యభాగము వెనుకబడునని సహోపాధ్యాయు లొకరు సెలవిచ్చిరి. నిజమే, ఒక ప్రశ్నకు పది నిమిషములైనను పట్టును. అందుచే పీరియడున కొకటి చాలును. అంతకంటె పెద్ద యపాయ మొకటి గలదు. ఈ సమాధానములకు మార్కులు వేయుట మొదలిడినచో, పిల్లలు తమకు దోచినది మాని, బాగా చదువువాని ముఖము చూచెదరు. కావున మార్కులు వేయరాదు. పేర్లు గోడపై ప్రదర్శింపరాదు. ఈ రెండు షరతులును లేనిచోట అట్టలు పంచకుండుటయే మేలు.

వచ్చు జూను నాటికి ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఈ అట్టలు సమకూర్చవలెనని పాఠశాల పెద్దలను కోరుచున్నాము. 40 అట్టల కట్ట మన తరగతులకు చాలదు. 63 అట్టల కట్టయే తీసికొనవలెను. దళసరి కాగితముపై అచ్చువేయించిన చాలును. మెరుపు ప్లాస్టిక్ అంటించినచో కిటికీ వెలుతురు ప్రతిఫలించి కెమెరాకు గుర్తు కనబడదు. మా తరగతి అట్టలు హాజరుపట్టీ సంఖ్యల వరుసలో బిస్కత్తుల డబ్బాలో నున్నవి. చూడగోరువారు శనివారము సైన్సు గదికి రావచ్చును.