కుందేలు ఎన్ని టన్నులు?

కొంచెం పెద్దగానే రాశాం, రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. మన గ్రూపులో ఎప్పుడూ స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, జీవో నంబర్ 3 గురించే కదా మాట్లాడుకుంటాం. ఈసారి ఒక ట్యాంకు గురించి. లేని దేశానికి చెందిన లేని ట్యాంకు. నవ్వుకోండి, పర్లేదు. మేమూ నవ్వుతూనే మొదలుపెట్టాం.

2020లో బడులు మూసేసి మమ్మల్ని ఇళ్లకు పంపేశారు. ఆన్‌లైన్ క్లాసు వినాలంటే ఊరి పైనున్న గుట్ట ఎక్కి సిగ్నల్ దొరికే చెట్టు కింద కూర్చోవాలి. క్లాసు పది నిమిషాలు వస్తే గంటసేపు రాదు. ఆ గంటల్లో లాంగ్ నోట్‌బుక్కు వెనక పేజీల్లో మాకో దేశం తయారైంది. పేరు మన్యసీమ. కొండలు, మూడు నదులు, ఒక రాజధాని, సొంత కరెన్సీ, సంత రోజులు, సెలవు రోజుల జాబితా (సెలవులు చాలా ఎక్కువ). అదే జూన్‌లో గల్వాన్ గొడవ జరిగింది. అందరి నోటా సైన్యం మాటే. మరి మన్యసీమకు సైన్యం వద్దా? అట్లా మొదలైంది మా ట్యాంకు.

మొదటి బొమ్మ పేరు పెద్దపులి. 18 టన్నులు, 105 మిల్లీమీటర్ల ఫిరంగి. ఎందుకంత అంటే, పెద్దదైతే బాగుంటుందని. అంతకుమించి కారణం లేదు. డిగ్రీకి టౌనుకొచ్చి హాస్టల్లో చేరాక చింతూరు వైపు తమ్ముడొకడు, పాలిటెక్నిక్ చదివేవాడు, ఆ పుస్తకం చూశాడు. మ్యాపు చూసి ఒక్కటే అడిగాడు. "అన్నా, ఈ నది మీద వంతెన ఎన్ని టన్నులు మోస్తది?"

మా దగ్గర జవాబు లేదు. వంతెన బొమ్మ గీశాం గానీ దాని బలం ఎవరాలోచించారు!

అక్కడి నుంచి చదవడం మొదలైంది. నిజం ట్యాంకులకూ ఇదే ప్రశ్న ఎదురవుతుందని అప్పుడు తెలిసింది. 1948 నవంబర్ 1న మన సైన్యం సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న జోజిలా కనుమకు స్టువర్ట్ ట్యాంకుల్ని ఎక్కించింది. ఒక్కోటి 14 టన్నుల చిన్న ట్యాంకు. వాటిని జమ్మూ నుంచి శ్రీనగర్‌కి తేవడానికే టర్రెట్లు విప్పి విడిగా మోశారు. కనుమ కిందున్న కంచరగాడిదల బాటను మద్రాస్ సాపర్లు ట్యాంకు పట్టేంత వెడల్పు చేశారు. అవతలివాళ్లు అంత ఎత్తుకు ట్యాంకు వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఎక్కించింది ఇంజినే అనుకుంటాం గానీ బాట చెక్కిన కూలి చేతులు లేకపోతే ఆ ఇంజిను కిందే ఉండిపోయేది.

ఇప్పటి సంగతి తీసుకున్నా అంతే. టి-72 నలభై టన్నులు దాటుతుంది, టి-90 ఇంకా ఎక్కువ. లద్దాఖ్‌లో అంత బరువుతో తిప్పలు పడి, డీఆర్‌డీవో, ఎల్ అండ్ టీ కలిసి 25 టన్నుల జొరావర్ తయారుచేసి 2024 జూలైలో హజీరాలో బయటపెట్టాయి. అంటే ట్యాంకు బరువును నిర్ణయించేది ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, దారిలో ఉన్న అన్నిటికంటే బలహీనమైన వంతెన కూడా.

తర్వాత నేల ఒత్తిడి లెక్క. ఇది మాకు బాగా నచ్చింది, మీరూ చేసి చూడండి. ట్యాంకు బరువును దాని రెండు చైన్లు నేలను తాకే వైశాల్యంతో భాగిస్తే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద ఎంత బరువు పడుతుందో వస్తుంది. ఎక్కువైతే బురదలో దిగబడుతుంది, తక్కువైతే తేలిగ్గా పోతుంది. పెద్దపులి చైను వెడల్పు 40 సెంటీమీటర్లు, నేలను తాకే పొడవు 3 మీటర్లు. రెండు చైన్లకూ కలిపి 24,000 చదరపు సెంటీమీటర్లు. 18,000 కిలోల్ని దానితో భాగిస్తే 750 గ్రాములు. ఎక్కువా తక్కువా ఎట్లా తెలియాలి? మాలో ఒకడు గ్రాఫ్ పేపర్ మీద కాలు పెట్టి చుట్టూ గీత గీశాడు. గళ్లు లెక్కపెడితే సుమారు 145 చదరపు సెంటీమీటర్లు. వాడి బరువు 58 కిలోలు. నడిచేటప్పుడు ఒంటికాలి మీద ఉంటాడు కాబట్టి 400 గ్రాములు. అంటే మా పెద్దపులి వరి మడిలో మనిషి దిగబడే దానికంటే దాదాపు రెట్టింపు దిగబడుతుంది. పులి కాదు, బురదలో పడ్డ దున్నపోతు.

అప్పుడు దొరికింది స్కార్పియన్. బ్రిటన్‌లో కోవెంట్రీలోని ఆల్విస్ కంపెనీ చేసిన వేగు ట్యాంకు, 1970ల మొదట్లో సైన్యంలో చేరింది. ఎనిమిది టన్నులు, ముగ్గురు మనుషులు, 76 మిల్లీమీటర్ల ఫిరంగి. కవచం ఉక్కు కాదు, అల్యూమినియం మిశ్రమం. ఇంజినేమో జాగ్వార్ కారుది, 4.2 లీటర్ల పెట్రోలు ఇంజిను! మలయా రబ్బరు తోటల్లో చెట్ల వరసల మధ్య నుంచి దూరాలి కాబట్టి ఇంత సన్నగా చేశారని అంటారు. నేల ఒత్తిడి సుమారు 350 గ్రాములు, మావాడి కాలికంటే తక్కువ. 1982 ఫాక్లాండ్ యుద్ధంలో ఆ దీవుల మెత్తటి బురద నేలలో బండ్లేవీ నడవవని చాలామంది అనుకున్నారు. నాలుగు స్కార్పియన్లు, అదే ఒడ్డూ పొడుగూ ఉండి 30 మిల్లీమీటర్ల గన్ ఉన్న నాలుగు సిమిటార్లు అక్కడ నడిచి చూపించాయి.

పెద్దపులిని కొట్టేశాం. కొత్త పేరు కుందేలు. 9 టన్నులు, అవే చైన్లు, 375 గ్రాములు. పెద్ద చెవులు, గట్టి కాళ్లు. యుద్ధం చేయడం దాని పని కాదు. చూసి, బతికి, తిరిగొచ్చి చెప్పాలి. వేగు అంటే అదే కదా.

వేగు ఎంత ముఖ్యమో మన మన్యంలో వేరే చెప్పక్కర్లేదు. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు మనుషులు పోలీసుల ముందు దళాన్ని ఏమీ చేయకుండా పోనిచ్చారు. వెనకొచ్చిన ఇద్దరు ఇంగ్లీషు అధికార్లు, కవర్డ్, హైటర్, అక్కడే చనిపోయారు. ముందు నడిచినవాళ్లకు కొండ కనిపించింది, కొండలో ఉన్నవాళ్లు కనిపించలేదు. ఇది రాసుకుని మేం చాలా పొంగిపోయాం. మా కుందేలుకు ఎత్తైన పరికరంలో రాత్రి చూపు కెమెరా, నలుగురు వేగులు దిగి నడవడానికి వెనక తలుపు, అన్నీ పెట్టాం. ముందు నడిచే దళం ఇక మోసపోదు అనుకున్నాం.

అప్పుడే మా నర్సింగ్ అక్క ఒక మాటంది. ఆమెది పాడేరు వైపు. పుస్తకం అంతా తిప్పి చూసి, "దామనపల్లిలో మనోళ్లు బాట మీద ఉన్నారా, కొండ మీద ఉన్నారా?" అంది.

కొండ మీద.

"మరి మీరెందుకు బాట మీదున్నోళ్ల కోసం బండి గీస్తున్నారు?"

ఎవరికీ మాట రాలేదు. మావాడొకడు "అక్కా, ఇది మన దేశం, మన సైన్యం, శత్రువు మైదానం నుంచి వస్తాడు" అని ఏదో సర్దబోయాడు. మ్యాపు తిప్పి చూపించింది. మేం గీసిన నిఘా దారులన్నీ రాజధాని నుంచి కొండల్లోకి పోతున్నాయి. సరిహద్దు వైపు ఒక్కటీ లేదు. మేమే గీశాం. చేతులకు అట్లా అలవాటైపోయింది, పైనుంచి లోపలికి చూడడం.

ఆ రాత్రి నిద్రపట్టక మావాళ్లిద్దరు ఇంకా వెనక్కి వెతికారు. తేలిక ట్యాంకులు మొదట్లో ఎవరి మీద తిరిగాయి అని. 1930ల్లో బ్రిటిష్ వాళ్ల విక్కర్స్ తేలిక ట్యాంకులు నాలుగైదు టన్నులవి, వాటికి ఫిరంగి కూడా లేదు, మెషిన్ గన్ అంతే. 1935లో వాటిని వాయవ్య సరిహద్దులో, ఇప్పటి పాకిస్తాన్‌లో, మొహ్మంద్ తెగవాళ్ల మీదికి పంపారు. మన ఉపఖండంలో ట్యాంకులు పోరులోకి దిగడం అదే మొదలు. ఎదురుగా ఉన్నవాళ్ల దగ్గర తుపాకులున్నాయి గానీ ట్యాంకును ఆపేవి లేవు. కాబట్టి పల్చటి కవచం చాలు, చిన్న గన్ చాలు. ఆ బండి తేలిగ్గా ఉండడానికి కొండ దారి ఒక కారణమైతే, ఎదుటి మనిషి బీదతనం ఇంకో కారణం. ఇది ఏ పుస్తకంలోనూ ఈ మాటల్లో లేదు, మేం అనుకుంటున్నది.

రోడ్డు సంగతీ అంతే. 1922 పితూరీ రగలడానికి ఒక కారణం రోడ్డు పనే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డుకు మనోళ్లతో చాకిరీ చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. అందుకని రోడ్డు వద్దంటామా? ఇప్పుడు రోడ్డు కోసం మనమే అర్జీలు పెట్టుకుంటున్నాం. ఆ రోజు నుంచి మా గదిలో దీని మీద గొడవ ఆగలేదు. ఒకరు వేగు బండే వద్దంటారు. ఒకరు దేశమన్నాక కాపలా ఉండాలి, 1971లో గరీబ్‌పూర్ దగ్గర మనవాళ్ల పీటీ-76లు లేకపోతే ఏమయ్యేది అంటారు. నీళ్లలో ఈదే ఆ 14 టన్నుల బండ్లు పొగమంచులో పాకిస్తాన్ చాఫీ ట్యాంకుల్ని ఎదుర్కొని నిలబడ్డాయి, అది అబద్ధం కాదు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఒకే గదిలో ఉంటాం కాబట్టి రాజీ పడక తప్పదు.

ఇది అక్కను అడిగి రాస్తున్నాం. రెండేళ్ల కింద వానాకాలంలో వాళ్ల చిన్నమ్మకు నొప్పులొచ్చాయి. రోడ్డు మీదికి ఏడు కిలోమీటర్లు. డోలీ కట్టారు. మధ్యలో వాగు పొంగింది, వంతెన లేదు. రాత్రంతా ఇవతలి ఒడ్డునే కూర్చున్నారు. తెల్లారి నీళ్లు తగ్గాక దాటించారు. చిన్నమ్మ బతికింది. బిడ్డ బతకలేదు. అక్క ఇంతే చెప్పింది. చెప్పాక మా గ్రాఫ్ పేపర్ తీసుకుని లెక్కేయమంది. డోలీ, మనిషి కలిపి 58 కిలోలు అనుకుంటే మోసేవాడి భుజం మీద సగం, 29. వాడి సొంత బరువు 58. మొత్తం 87 కిలోలు, 145 చదరపు సెంటీమీటర్లు. 600 గ్రాములు.

మా కుందేలు 375.

డోలీ మోసే మనిషి కాలు ట్యాంకు చైను కంటే లోతుగా దిగబడుతుంది. తొమ్మిది టన్నుల ఇనుము తేలిగ్గా పోయే మట్టిలో చిన్నమ్మ మరిది కూరుకుపోతూ నడిచాడు.

స్కార్పియన్ కుటుంబంలో ఒక బండి పేరు సమారిటన్. అవే చైన్లు, అదే ఇంజిను, టర్రెట్ ఉండదు, గన్ ఉండదు, వెనక స్ట్రెచర్లు పడతాయి. అంబులెన్సు. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే శరత్ బీఎంపీ-2 మీద కూడా ఇట్లాంటి అంబులెన్సు రకం ఉంది. సైనికుడు దెబ్బతింటే బురదలోంచి తేవడానికి చైన్ల బండి కావాలని సైన్యం ఎప్పుడో తేల్చుకుంది. బురద మనదీ అదే బురద.

ఇప్పుడు కుందేలు రెండు రకాలు. ఒకటి వేగు బండి, 30 మిల్లీమీటర్ల గన్‌తో. దాని దారులన్నీ మళ్లీ గీశాం, సరిహద్దు వెంట, ఊళ్లకు దూరంగా, పోడు చేల మీద చైను పడకుండా. రెండోది టర్రెట్ లేనిది, రెండు స్ట్రెచర్లు, ఒక నర్సు సీటు, ఆక్సిజన్ సిలిండరుకు చోటు. మన్యసీమ ఖజానాలో డబ్బు తక్కువ కాబట్టి మొదట ఏది చేయించాలని ఓటు పెట్టాం. మూడు మూడు వచ్చాయి. అక్క ఓటు వేయలేదు, "ముందు బరువు ఖాయం చేయండి" అంది.

అక్కడే ఆగిపోయాం. 9 టన్నులు అన్నది మేం గాల్లోంచి తెచ్చిన అంకె. మన్యసీమ మ్యాపులో వాగులు మన ఊరి వాగులే, పేర్లు మార్చాం అంతే. వాటి మీది కల్వర్టులు ఎంత మోస్తాయో తెలిస్తేనే బండి బరువు ఖాయమవుతుంది. దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు మేం టేపు పట్టుకెళ్తున్నాం. మీరూ సాయం చేయండి. మీ ఊరికొచ్చే దారిలో ఎన్ని వాగులు, ఎన్నిటి మీద వంతెనలు, వాటి వెడల్పు, బరువు బోర్డు ఉంటే దాని మీదున్న అంకె, వానాకాలం ఎన్ని రోజులు దాటలేం, ఇవి కింద రాయండి. బోర్డు లేకపోతే లేదని రాయండి. వంతెనే లేకపోతే సున్నా అని రాయండి.