అడుగు లేని డప్పు

మా నాయిన డప్పుకు అడుగు లేకుండ చేసింది పరాయోళ్లు కాదు, నేనే. కన్నకొడుకును. మా ఇంటెనక మా ఇంటిముందర ఎవరూ చదవని డిగ్రీ చదివినోణ్ని. సర్కారు బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ధ్వని పాఠం చెప్పే సారును. శృతిదండాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టి ఒక్కొక్క పిల్లగాని చెవి దగ్గర పెట్టి, ఇనబడ్తుందారా అని అడుగుతుంటాను. నాకే ఇనబడలేదు.

2023 ఏప్రిల్ 14, అంబేద్కర్ జయంతి. మా వాడ నడిబొడ్డున విగ్రహం దగ్గర పందిరి వేసి, మనిషెత్తు బాక్సులు తెచ్చి పెట్టారు. నాయిన కొట్టిన పదకొండు దెబ్బల్ని నెల రోజులు రాత్రిళ్లు కూచొని సరిచేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకొని పోయాను. పెండ్లి దెబ్బ, జాతర దెబ్బ, చాటింపు దెబ్బ, సావు దెబ్బ, అన్నీ ఉన్నాయి. వాడంతా కూచుంది. నాయిన తెల్లబట్టలు కట్టుకొని ముందు కుర్చీలో కూచున్నడు. పాట పెట్టినట్టే పెట్టాను. మూడో దెబ్బ కాకముందే మా పెద్దనాయిన లేచి దగ్గరికొచ్చి అన్నడు, "ఏందిరా, ఇది మీ నాయిన డప్పేనా? రేకుడబ్బ కొట్టినట్టున్నది."

బాక్సులు మంచియి కావంటే పోనీ అనుకోవచ్చు. అవి పెండ్లి ఊరేగింపుల్లో గుండెలదరగొట్టే బాక్సులు. వాటిల్లో కూడా డప్పుకు అడుగు రాలేదంటే తప్పు ఎవరిదో చెప్పనక్కర లేదు. నాయిన ఏమీ అనలేదు. బువ్వ తినకముందే లేచి ఇంటికి పోయిండు. రాత్రి నేను పోయేసరికి అరుగు మీద పండుకొని ఉన్నడు. మొఖం అటు తిప్పుకొని ఒక్క మాట అన్నడు, "నేనట్ల కొట్టలే బిడ్డా."

డప్పు తెలిసినోళ్లకు చెప్పే పని లేదు, తెలియనోళ్లకు రెండు ముక్కలు. చెక్క చట్రానికి తోలు బిగిస్తారు. కుడిచేతిలో సిర్ర, పొట్టిగా లావుగా ఉంటది. ఎడమచేతిలో సిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా. సిర్ర నడుమ పడితే అడుగు నుంచి వచ్చే దెబ్బ, పొట్టలో తగులుతుంది. సిటికెన పుల్ల అంచున పడితే పైన గలగలమంటది. రెండూ ఉంటేనే డప్పు. సిర్రను తీసేస్తే మిగిలేది చప్పుడు. మా నాయిన వెట్టికి కొట్టి కొట్టి యాష్టకొచ్చి ఒకప్పుడు డప్పును దూలానికి తగిలేసిండట. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలై, అది మా దిక్కు దాకా వచ్చినంక మళ్లీ దించిండు. దొర పిలిస్తే కాదు, తనకు తానుగా. ఆ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. అందుకే నాకు ఆత్రం.

ముందుగా పట్నం పోయాము. 2021లో ఒక స్టూడియోలో గంట లెక్కన పైసలు కట్టి నాయినను కూచోబెట్టాను. ఆ పిల్లవాడు బాగా చదువుకున్నవాడే, మర్యాదస్తుడే. తెర మీద గీతలు చూసి, "సార్, కిందంతా బురద. 150 కింద కోసేద్దాం" అన్నాడు. బురద! ఇరవై వాయిద్యాలున్న సినిమా పాటలో ఆ కోత సబబే కావచ్చు, ఒకదాని అడుగు ఇంకోదాన్ని తొక్కకుండా. ఒక్క డప్పే ఉన్న చోట అడుగు కోస్తే ఇంకేం మిగిలింది? కోసినంక పల్చబడిందని, కంప్యూటర్లో ఉన్న ఇంకేదో డ్రమ్ము తెచ్చి కింద అతికించబోయాడు. నాయిన చెప్పులేసుకొని బయటికొచ్చిండు. ఆనాడే అనుకున్నాను, మన డప్పును మనమే పట్టుకోవాలె, మన ఇంట్లనే సరిచేసుకోవాలె అని.

బడి ఉన్న టౌన్లో గది దొరకలేదు. ఒకాయన కులం అడిగి లేదన్నాడు. ఇంకొకాయన కులం అడగకుండనే, "సార్, మీరుండండి, ఆ చప్పుడు మాత్రం వద్దు" అన్నాడు. వాళ్ల బిడ్డ పెండ్లికి వీధి కిటికీలు పగిలేటట్టు బాక్సులు పెట్టినోడే ఆయన. సరే, ఊళ్లో మా వాడలో, 2007లో మాకు వచ్చిన ఇందిరమ్మ ఇంట్లో ఒక గది ఖాళీ చేసుకున్నాను. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబు 10 అడుగుల ఎత్తు. మేస్త్రి ఒక్క తాడుతోనే మూడు దిక్కులా కొలిచిండు. మాకిచ్చిన జాగా అంత, పైకం అంత, కట్టింది అంత. గుడిసె పోయి పక్క ఇల్లు వచ్చిందని మా అవ్వ ఆ గోడల్ని పట్టుకొని ఏడ్చింది. ఆ గోడలు నన్ను ఏడిపిస్తాయని అప్పుడు తెలియదు.

అప్పు చేసి రెండు మానిటర్ స్పీకర్లు కొన్నాను, ఐదంగుళాలవి. చేతిలో పట్టే రికార్డరు ఒకటి. 2022 డిసెంబరులో తెల్లవారుజామున వాడ వెనక చింతచెట్టు కింద నాయిన కొట్టిండు. మంచుకు తోలు మెత్తబడితే గడ్డి మంట వేసి సెగ చూపించుకుంట, మళ్లీ కొట్టుకుంట. ఆ రికార్డింగులో తప్పు లేదు. ఆరుబయట ధ్వని పోయినదారినే పోతుంది, తిరిగొచ్చి గొంతు పట్టుకోదు.

తప్పంతా గదిలోకి తెచ్చినంక మొదలైంది. బల్ల మీద స్పీకర్లను రెండు మూలలకు నెట్టి, గది నడుమ కుర్చీ వేసుకొని కూచుంటే డప్పు 'బూమ్మ్' అని సాగుతుంది. ఖాళీ గోలెంలో తలపెట్టి ఓ అన్నట్టు. సిర్ర దెబ్బ పడి ఆగాలె గదా, ఆగదు. ఎవరో చెప్తే కోళ్లఫారం నుంచి గుడ్ల అట్టలు తెచ్చి గోడలకు కొట్టాను. వాటి మీద అంగుళం స్పాంజి అతికించాను. ఇంకా పాడైంది. అట్టా స్పాంజీ సిటికెన పుల్ల గలగలను మింగాయి, అడుగును ముట్టుకోలేదు. పైది తగ్గేసరికి కిందిది ఇంకా పెద్దగ ఇనబడ్డది. ఇంక నాకు తోచిన మందు ఒక్కటే. కంప్యూటర్లో 110 దగ్గర పట్టుకొని 8 డెసిబెల్స్ కోశాను. గదిలో వింటే హాయిగా ఉంది. పట్నపు పిల్లగాడు కోసిండని కోపం తెచ్చుకొని వచ్చి, ఇంట్ల కూచొని నేను చేసింది అదే. వాడు తెర చూసి కోసిండు, నేను గదిని నమ్మి కోసిన.

జయంతి అయిన మూడోనాడు నాయినను గదిలోకి పిలిచి, కోయని అసలు రికార్డింగు పెట్టాను. అట్టలేసిన ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదలు. కూచోమంటే కూచోలేదు. చెవి ఒక పక్కకు వంచి నడవడం మొదలుపెట్టిండు. నడుమ నిలబడి, "ఈడ ఊరికె అరుస్తంది" అన్నడు. గోడకు పావు దూరం జరిగి, "ఈడ సల్లబడ్డది" అన్నడు. గోడకానుకొని, "మళ్ల లేచింది." మూలకు పోయి అరచెయ్యి గోడకు పెట్టి, "ఇగో, దయ్యం ఈ మూలకున్నది" అన్నడు. నేను సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టుకుంట ఎనక తిరిగాను. బల్ల మీద కాగితం తీసుకొని లెక్క వేస్తే నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు.

ధ్వని సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య నిలబడే మొట్టమొదటి అల పొడవు గదికి రెండింతలు, అంటే 20 అడుగులు. 1130ని 20తో భాగిస్తే 56 చిల్లర. దాని రెట్టింపు 113. మామూలు గదిలో పొడవుకొక అంకె, వెడల్పుకొక అంకె, ఎత్తుకొక అంకె వచ్చి కొంత సర్దుకుంటాయి. మా గదిలో మూడూ ఒకటే. ఒక్క తాడు గదా. 56 అల గది నడుమ చచ్చిపోతుంది. 113 అల గోడల దగ్గరా, సరిగ్గా నడుమా లేస్తుంది, గోడకు పావు దూరంలో చస్తుంది. మూలల్లో అన్నీ లేస్తాయి. నాయిన చెవితో చెప్పింది అక్షరం పొల్లుపోలేదు. ఇంక నాయిన సిర్ర దెబ్బ తెర మీద ఎక్కడ లేచిందీ అంటే 110 దగ్గర. నా కుర్చీ ఎక్కడ ఉందీ అంటే గది నడుమ. అనునాదం అని బోర్డు మీద పదిసార్లు రాసినోణ్ని, దాని కడుపులో కూచొని గుర్తుపట్టలేదు. మే నెల ఎండకు ధ్వని వేగం కొంచెం పెరిగి ఆ 113 కాస్తా 116 దాకా పోతుంది, అంతే తేడా.

నాయినకు చెప్తే ఆయన మందు ఆయన చెప్పిండు. "కొట్టేటప్పుడే ఇంకింత సెగ చూపిస్తే తోలు బిగుస్తది, దెబ్బ పైకి పోతది. అప్పుడు నీ గది అరవది." నిజమే, సరిగ్గా పనిచేస్తుంది. నేనే వద్దన్నాను. మూడు తరాల సంది మా వాళ్లు డప్పు కొట్టింది ఆరుబయటనే. గుడి ముంగట, దొర వాకిట్ల, శవం ముందర. గడప లోపలికి డప్పును గాని డప్పు కొట్టేటోణ్ని గాని రానిచ్చిందెక్కడ? నాలుగు గోడల నడుమకు ఇప్పుడు వచ్చింది. వచ్చినంక గది కోసం డప్పు మారాలా? మారాలంటే గదే మారాలె.

కుర్చీని నడుమ నుంచి వెనక్కి జరిపాను. వెనక గోడకు 3 అడుగుల 10 అంగుళాల దూరంలో చెవులు ఉండేటట్టు. స్పీకర్లను మూలల నుంచి తీసి, పక్కగోడలకు రెండున్నర అడుగుల్లో ఒక్కొక్కటి పెట్టాను. 113 అల చచ్చే చోట స్పీకరును పెడితే ఆ అడ్డపు అలను అది లేపలేదు. స్పీకర్ల వెనక ఉన్న చిన్న స్విచ్చుతో అడుగు 2 డెసిబెల్స్ తగ్గించాను. స్పీకరు వెనక రంధ్రంలో సాక్సులు కుక్కమన్నారు, కుక్కి చూశాను. 50, 60 దగ్గర తగ్గింది, నా బాధ ఉన్నది 113 దగ్గర. పైసా ఖర్చు లేని ఈ జరుపుడుకే సగం అరుపు పోయింది. ముందే ఎవరన్నా చెప్పుంటే గుడ్ల అట్టల పైసలన్నా మిగిలేవి.

మిగతా సగానికి మూలల్ని నింపాలె. 113 అల పొడవు పదడుగులు. దాని ముందు అంగుళం స్పాంజి అంటే ఎద్దుకు ఈగ వాలినట్టు. జానెడుకు తక్కువ లేకుండ మందం కావాలె. పత్తి పండే దిక్కు మాది. జిన్నింగ్ మిల్లులో పారేసే పత్తి చెత్త తెచ్చి గోనెసంచుల్లో కూరి, నేల నుంచి స్లాబు దాకా పేర్చాను. గుణం కనబడ్డది. ఎలుకలూ వచ్చినయి. కరెంటు వైర్ల పక్కన పత్తి ఏందిరా, ఇల్లు తగలబెడ్తవా అని అవ్వ తిట్టింది. తిట్టడం న్యాయమే. తర్వాత జీతం రాంగనే పట్నం నుంచి రాక్‌వూల్ పలకలు తెచ్చాను, 48 కిలోల సాంద్రతవి, ఒక్కోటి నాలుగంగుళాల మందం. రెండేసి కలిపి, మూలకు అడ్డంగా, వెనక ఖాళీ ఉండేటట్టు నిలబెట్టాను. ఆ నార ఒంటికి తగిలితే దురద, ముక్కులోకి పోతే మంచిది కాదు. మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండ ముట్టుకోవద్దు. అవ్వ తన పాత చీరెలతో వాటికి సంచులు కుట్టింది. పనికిపోయినప్పుడు కట్టుకునే చీరెలు అవి, నాట్ల బురద మరకలు పోలేదు.

కొలత మైకు ఒకటి తెచ్చి, రూమ్ ఈక్యూ విజార్డ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుతో చూశాను. కుర్చీ దగ్గర 113 ఒకప్పుడు చుట్టుపక్కల వాటికన్నా 12 డెసిబెల్స్ ఎత్తున ఉండేది, ఇప్పుడు 4. పడ్డ దెబ్బ తొందరగా ఆగుతుంది, నాకు అది ముఖ్యం. మిగిలిన ఆ 4ను స్పీకర్లకు పోయే దారిలోనే, పాటను ముట్టుకోకుండ, 3 తగ్గించాను. గుట్టల్నే అట్ల కోయాలె గాని గుంటల్ని పూడ్చవద్దు. అల చచ్చిన చోట ఎంత పెంచినా అది మళ్లీ అంతే చస్తుంది, స్పీకరు వేడెక్కుడు తప్ప లాభం లేదు.

తర్వాత ఆ పాత కోత, 8 డెసిబెల్స్ కోత, తెరిచి తీసేశాను. ఇంకేదీ మార్చలేదు. ఆటోలో పెట్టి విన్నాను, పెద్దనాయిన ఇంట్ల పెట్టి విన్నాను. పెద్దనాయిన బీడీ ఆర్పి, "ఇగ ఇది వాడే" అన్నడు.

నాయినను ఈసారి కుర్చీలో కూచోబెట్టాను. పదకొండు దెబ్బలూ కదలకుండ విన్నడు. అయిపోయినంక నేను మొఖంలోకి చూస్తున్నా, ఏమంటడో అని. "సావు దెబ్బల సిటికెన పుల్ల రెండుసార్లు తప్పింది. మునుపు ఆ బూబూల ఇనబళ్లే. మళ్ల పట్టు" అన్నడు.

"చలికాలం రానియ్యి నాయినా, తెల్లారగట్ల సద్దు ఉండది."

"అప్పటిదాక సెయ్యి ఉంటదో లేదో. రేపే పట్టు."

తెల్లారి బడికి పోకముందు ఒక మోపు గడ్డి తెచ్చి చింతచెట్టు కింద వేశాను.