అదెలీనా ఏం వండి పెట్టింది?

ఇంగ్లండులో నా తొలి చలికాలం. ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి చేరేసరికి పొద్దున్న ఎనిమిదయ్యేది, అప్పటికీ సరిగ్గా తెల్లారేది కాదు. ఫ్రిజ్ తలుపు తీయకముందే అందులో ఏముందో నాకు తెలుసు. పాలు, గుడ్లు, నిన్న నేనే వండుకున్న పప్పు. ఒక్క మనిషి ఉండే ఇంట్లో ఫ్రిజ్ కొత్తగా ఏమీ చెప్పదు.

ఆ రోజుల్లోనే వీధి చివరి లైబ్రరీలో 'ది స్నాక్ థీఫ్' దొరికింది. సిసిలీ దీవిలోని విగాతా అనే కల్పిత ఊళ్ళో పోలీసు ఇన్‌స్పెక్టర్ సాల్వో మొంతల్బానో కథ. ఆయనా ఒంటరిగానే ఉంటాడు, సముద్రపు ఒడ్డున. పని ముగించుకుని ఇంటికొచ్చి ముందు ఫ్రిజ్ తీస్తాడు, అందులో లేకపోతే ఓవెన్ తీస్తాడు. వంటమనిషి అదెలీనా ఏదో ఒకటి చేసిపెట్టి వెళ్ళి ఉంటుంది. వంకాయ, మాంసం, జున్ను పొరలుగా వేసి కాల్చిన పాస్తా కావచ్చు, చేపలు కావచ్చు. ఏం చేసిందో తలుపు తీసేదాకా ఆయనకి తెలియదు. హంతకుడెవరన్న ప్రశ్న పక్కన ఈ చిన్న ప్రశ్న కూడా నవలలన్నిటిలో నడుస్తూ ఉంటుంది. నిజం చెప్పాలంటే నేను దీనికోసమే పేజీలు తిప్పేదాన్ని.

ఈ నవలలు రాసిన ఆంద్రియా కమిల్లేరి 1925లో సిసిలీ దక్షిణ తీరంలోని పోర్తో ఎంపెదోక్లేలో పుట్టాడు. నాటకాలు, టెలివిజన్ ఆయన వృత్తి. మొంతల్బానో మొదటి నవల 1994లో, దాదాపు 69 ఏళ్ళ వయసులో వచ్చింది. బార్సిలోనా రచయిత మాన్యుయెల్ వాస్కెస్ మొంతల్బాన్ మీది గౌరవంతో హీరోకి ఆ పేరు పెట్టాడు. ఆ స్పానిష్ రచయిత డిటెక్టివ్ కూడా భోజనప్రియుడే, కానీ తనే వండుకుంటాడు. మన మొంతల్బానో వండడు. ఎవరో తన కోసం వండితే తినడంలోనే ఆయన సంతోషమంతా ఉంది. దూరదేశంలో ఉన్నవాళ్ళకి ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

అదెలీనాకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ దొంగలే. ఒకడు బయటికొస్తే ఇంకొకడు జైల్లో ఉంటాడు. అందులో పాస్క్వాలేని మొంతల్బానోయే పట్టుకున్నాడు. అయినా ఆ తల్లి ఆయన ఇంట్లో వంట మానలేదు. పాస్క్వాలేకి కొడుకు పుడితే జ్ఞానతండ్రిగా నిలబడిందీ ఆయనే, బిడ్డకి పెట్టిందీ ఆయన పేరే. ఒక కథలో కొడుకులిద్దరూ బయట ఉన్న డిసెంబర్ 31 రాత్రి కోసం ఆవిడ ఆరంచీని చేయడానికి పూనుకుంటుంది. అవి మాంసం కూరిన అన్నపు ఉండలు. నూనెలో వేయించడం చివరి పని, దానికి ముందు పని చాలా ఉంటుంది. మా అమ్మమ్మ సంక్రాంతికి అరిసెల పాకం పట్టే రోజుల్లాంటి హడావిడి అది.

హాస్యానికి వస్తే, నాకు ఇష్టమైనవాడు కతరెల్లా. స్టేషన్లో ఫోన్ దగ్గర కూర్చుని, చేసినవాళ్ళ పేర్లన్నీ తలకిందులు చేసి చెబుతాడు. ఇన్‌స్పెక్టర్ గదిలోకి వచ్చినప్పుడల్లా తలుపు గోడకి దఢాలున కొట్టుకుంటుంది. ఆయనంటే వాడికి ప్రాణం, అందుకే ఆ నవ్వులో ఎక్కడా ఎత్తిపొడుపు ఉండదు. సహచరుడు మిమీ గవ్వల మాంసం కలిపిన పాస్తా మీద జున్ను తురుము చల్లుకుంటుంటే ఎదురుగా కూర్చున్న మొంతల్బానో పడే వేదన చదివి, తెల్లవారుజామున బస్సులో గట్టిగా నవ్వాను. మాగాయ అన్నంలో పంచదార వేసుకునేవాణ్ణి చూస్తే మనకీ అలాగే ఉంటుంది.

కమిల్లేరి సిసిలీ యాసని ఇటాలియన్‌తో కలిపి రాశాడు. 1960ల చివర్లో రాసిన మొదటి నవలని ప్రచురణకర్తలు తిప్పి పంపారు, అది 1978లో గానీ అచ్చు కాలేదు. ఆ కథని తనకి నోటితో చెప్పినట్టే రాయమని తండ్రి చివరి రోజుల్లో అడిగాడట. స్టీఫెన్ సార్తరెల్లి ఇంగ్లీషు అనువాదంలో ఆ రుచి కొంతైనా దక్కింది. రావిశాస్త్రి గారి కథల్లో మా ఉత్తరాంధ్ర మాట వింటూ పెరిగినదాన్ని, దక్కనిదేమిటో కూడా ఊహించుకోగలను.

మొంతల్బానో తినేటప్పుడు మాట్లాడడు. ఎదుటివాళ్ళు మాట్లాడినా సహించలేడు. అన్నం ముందు మాటలేమిటని భీమిలిలో మా అమ్మమ్మ కసిరేది. ఆవిడకి అది మర్యాద, ఈయనకి దాదాపు పూజ. అంత శ్రద్ధగా తినే మనిషి కాబట్టే ఆకలి ఆయన కంట పడకుండా పోదు. 'ది స్నాక్ థీఫ్'లో బడిపిల్లల తినుబండారాలు దొంగిలిస్తున్నది ట్యునీషియా నుంచి వచ్చిన ఒకామె కొడుకు. తల్లి కనబడకుండా పోయింది, దాక్కున్న పసివాడికి తిండి లేదు. చిల్లర దొంగతనమని అందరూ వదిలేసే విషయంలో అసలు కేసు కనిపించేది మొంతల్బానోకే. ఒక రాత్రి సముద్రపు ఒడ్డున, తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకున్న ఆయన ఆ పిల్లవాడితో తన మనసు విప్పే పేజీల్ని నేను ఇప్పటికి నాలుగుసార్లు చదివాను.

2019 జూలైలో కమిల్లేరి పోయాడు, 93 ఏళ్ళు. చివరి ఏళ్ళలో చూపు పోయినా చెప్పి రాయించాడు. ముందే రాసి ప్రచురణకర్త దగ్గర దాచి ఉంచిన ఆఖరి నవల 'రిక్కార్దీనో' మరుసటి ఏడాది వచ్చింది.

కిందటేడు ఏప్రిల్లో పోర్తో ఎంపెదోక్లే వెళ్ళాను. ప్రధాన వీధిలో మొంతల్బానో కంచు విగ్రహం ఉంది, టీవీ సీరియల్లో ఆయన వేషం వేసిన నటుడిలా కాకుండా జుట్టూ మీసాలతో. రేవు దగ్గర చిన్న హోటల్లో ఆయనకి ప్రాణమైన ఎర్ర చేపలు చెప్పాను. ప్లేటు వచ్చాక చూస్తే గెడ్డం కింద రెండు మీసాలు. మా గులివిందల జాతే! అమ్మమ్మ పసుపూ కారం పట్టించి వేయించేది, ఇక్కడ ఉప్పూ నిమ్మకాయా తప్ప ఏమీ లేవు. ముల్లు ముల్లూ తీసుకుంటూ అరగంట తిన్నాను. హోటల్ పెద్దాయన రెండుసార్లు అటుగా వచ్చాడు, ఏమీ అడగకుండానే వెళ్ళిపోయాడు.