నీళ్ళకి ఎదురెళ్ళిన రోజు

పదిహేను రోజులుగా పేజీలో ఏమీ రాయలేదు. "దాళ్వా ఎలా ఉందండి, నీళ్ళు అందాయా" అని చాలామంది అడిగారు. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదు. కాస్త పెద్ద పోస్టే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మాది కాకినాడకి దగ్గర్లో ఒక శివారు ఊరు. శివారు అంటే ఏంటో డెల్టా రైతుకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. ధవళేశ్వరంలో గోదావరి నుంచి బయలుదేరిన నీళ్ళు దారిలో అందరి చేలూ తడిపాక, మిగిలితే మా దగ్గరికి వస్తాయి. సార్వాలో లోటుండదు, పైగా మునుగుతాం. దాళ్వాలోనే అసలు కథ. వంతులవారీగా నీళ్ళిస్తారు. మా వంతు వచ్చిన రోజున బోదెలో పాదం తడిసేంత నీళ్ళొస్తే పండగే.

ఫిబ్రవరి ఆఖరు. చేను చిరుపొట్ట మీద ఉంది. ఈ దశలో చేను ఎండిందంటే తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా కంకి సరిగా రాదు. వంతు వచ్చి వెళ్ళిపోయింది, నీళ్ళు రాలేదు. మూడో రోజుకి మడి నెర్రెలిచ్చింది. ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, "పైవాళ్ళు మింగేస్తున్నారు". నేనూ అదే అన్నా, రెండాకులు ఎక్కువే అన్నా. అని అని విసుగొచ్చి, ఆ రాత్రి అటక మీద ఉన్న సైకిలు దింపి, గాలి కొట్టి, చైనుకి నూనె రాశా. "ఎక్కడికి?" అంది మా ఆవిడ. "నీళ్ళు ఎక్కడ ఆగిపోతున్నాయో చూసొస్తా" అన్నా. మోటారు సైకిలు మీద వెళ్ళొచ్చు కదా అంది. బండి మీద వెళ్తే రోడ్డు కనపడుతుంది, కాలువ కనపడదు.

ఇంకో కారణం కూడా ఉంది. మా తాత ఈ కాలువ మీద పడవ కళాసీ. కాకినాడ నుంచి ధవళేశ్వరం దాకా గట్టు మీద నడిచేవాడు, భుజానికి తాడు కట్టుకుని పడవని లాగుతూ. యాభై ఐదేళ్ళొచ్చినా ఆ దారి మొత్తం నేనెప్పుడూ చూడలేదు.

తెల్లారుజాము అయిదింటికి ఇంద్రపాలెం లాకుల దగ్గర మొదలుపెట్టా. మంచు పడుతోంది. లాకులు అన్నమాట ఊరి పేర్లలో కలిసిపోయింది గానీ, అదేం చేస్తుందో ఇప్పటి పిల్లలకి తెలీదు. రెండు తలుపుల మధ్య ఒక పెద్ద నీటి గది అనుకోండి. దిగువ నుంచి వచ్చిన పడవ గదిలోకి వెళ్ళాక వెనక తలుపు మూస్తారు. ఎగువ నీళ్ళు కొంచెం కొంచెంగా గదిలోకి వదులుతారు. నీళ్ళతోపాటు పడవా పైకి లేస్తుంది. ఎగువ మట్టానికి రాగానే ముందు తలుపు తీస్తారు, పడవ సాగిపోతుంది. కరెంటు లేదు, ఇంజను లేదు. నీటి బరువుని నీటితోనే ఎత్తడం. తాత చెప్పేవాడు, లాకులో ఉన్న ఆ కాసేపే కళాసీలకి విశ్రాంతి అని. చుట్ట కాల్చుకునేది అక్కడేనట.

మాధవపట్నం దాటి సామర్లకోట చేరేసరికి ఎండ వచ్చింది. భీమేశ్వరస్వామి గుడి శిఖరానికి దూరం నుంచే దణ్ణం పెట్టుకుని, పెసరట్టు తిని, సీసా నింపుకున్నా. కాకినాడ తాగేది కూడా ఈ కాలువ నీళ్ళే. అంటే నా చేనుకి పోటీ పైరైతు ఒక్కడే కాదు, ఊరి కుళాయిలు కూడా. ఈ సంగతి నాకు ముందు తెలుసు, కానీ కోపంలో ఉన్నప్పుడు గుర్తు రాలేదు.

సామర్లకోట నుంచి రాజమండ్రి వైపు వెళ్ళేదాన్ని మేం కెనాల్ రోడ్డు అంటాం. మేడపాడు, బిక్కవోలు, అనపర్తి, ద్వారపూడి, కడియం. ఒక పక్క కాలువ, ఆ దగ్గర్లోనే రైలు పట్టాలు. సైకిలు మీద వెళ్తుంటే గూడ్సు బండి ఒకటి పక్కనుంచి పోయింది, లెక్కపెట్టలేనన్ని పెట్టెలు. ఈ కాలువలు తవ్వించిన కాటన్ దొర రైళ్ళకంటే కాలువలే మేలని జీవితాంతం వాదించాడు. సరుకూ మోస్తాయి, చేనూ తడుపుతాయి అని. 1890లలో ఈ రైలు మార్గం వచ్చింది. దాని తర్వాత కూడా పడవలు చాలా కాలం నడిచాయి గానీ, లారీలు పెరిగాక మాయమైపోయాయి. తాత పడవ వదిలేసి చేలో కూలికెళ్ళాడు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్నీ, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్నీ కలిపి 4వ జాతీయ జలమార్గం అని ప్రకటించారు. నేను వెళ్ళిన దారిలో ఆ రోజు ఒక్క పడవా కనపడలేదు. గుర్రపుడెక్క మాత్రం బోలెడు.

బిక్కవోలు దాటాక పంచరు. టైరులోంచి తుమ్మముల్లు తీశాడు కుర్రాడు. "ఎక్కడిదాకా బాబాయ్?" "ధవళేశ్వరం." "దేనికి?" "నీళ్ళ కోసం." వాడు నా సీసా వంక చూసి, పక్కన కుండ చూపించాడు.

ఇక అసలు సంగతికొస్తా. దారిలో ఒక ఊరు, పేరు రాయను. కాలువ గట్టు మీద ఆయిలింజను దడదడలాడుతోంది. పెద్ద పైపు కాలువలో దించి ఉంది. అటువైపు నీళ్ళు ధారగా చేలోకి పోతున్నాయి. దొరికాడురా అనుకున్నా. సైకిలు స్టాండు వేసి, లుంగీ ఎగ్గట్టి వెళ్ళా. నా వయసే ఉంటుంది ఆయనకి. "ఏవండీ, వంతులు నడుస్తుంటే ఇంజను పెట్టి తోడేస్తారా? కింద మేం ఏమైపోవాలి?" అన్నా, గొంతు కాస్త పెద్దదే చేసి.

ఆయన ఇంజను ఆపలేదు. అరవనూ లేదు. చేను చూపించాడు. "మా చేను తూముకి ఎత్తులో ఉందండి. కాలువ నిండుగా ఉంటే గానీ నీళ్ళెక్కవు. కాలువ నిండక ఎన్నాళ్ళయిందో మీకే తెలుసు. డీజిలు నా ఖర్చేనండి. ఊరికే తోడుకుంటానికి సరదానా?" అన్నాడు. ఆ చేలో కూడా నెర్రెలున్నాయి. కాలువ గట్టునే ఉండి కూడా ఎండుతోంది. నాకు మాట తోచలేదు. ఆయనే మళ్ళీ అడిగాడు, "మీరు ఆఖరా అండి? మీ కింద ఇంకెవరూ లేరా?"

"లేరు" అనబోయా. నోరు రాలేదు.

ఉన్నాడండి. మా బోదె మీద నా తర్వాత ఒక కుర్రాడు ఎకరంన్నర కౌలుకి చేస్తున్నాడు. నేనే ఆఖరని ఈ పేజీలో ఎన్నిసార్లు రాశానో మీరే చూసి ఉంటారు. నిజానికి ఆఖరు వాడు. జనవరిలో నాట్లయ్యాక బోదెకి అడ్డంగా నాలుగు ఇసక బస్తాలు వేశా. నా మడి నిండాక తీసేద్దామనుకున్నా. తీయలేదు. వాడు ఒకసారి మా గుమ్మం దాకా వచ్చాడు. "బాబాయ్, నీళ్ళు కొంచెం..." అని నసిగాడు. "పైనుంచే రావట్లేదురా, నేనేం చేసేది" అన్నా. అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

ఆ గట్టు మీద నుంచి ధవళేశ్వరం దాకా నేను ఇంకెవరినీ ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి వీపు మీద నెట్టడం మొదలుపెట్టింది. ఎండ మండుతున్నా సైకిలు తేలికైంది. తాత వాళ్ళు ఎగువకి వెళ్ళేటప్పుడు ఈ గాలి కోసమే కాచుకుని తెరచాప ఎత్తేవారట. గాలి లేని రోజున తాడే గతి. కడియంలో నర్సరీల పక్కన చెట్టు నీడన కూర్చుని, తెచ్చుకున్న తరవాణి అన్నం తిన్నా. అక్కడ కాలువ వెడల్పు చూస్తే మా ఊరి కాలువ దీని బిడ్డ అంటే నమ్మబుద్ధి కాదు. మండపేట వైపు, కోరంగి వైపు, కాకినాడ వైపు, తూర్పు డెల్టా మొత్తం ఈ నీళ్ళ మీదే బతుకుతోంది.

నాలుగింటికి ధవళేశ్వరం. 1833 కరువులో ఈ ప్రాంతంలో జనం పిట్టల్లా రాలిపోయారు. పక్కనే గోదావరి, తినడానికి గింజ లేదు. అది జరిగిన కొన్నేళ్ళకి కాటన్ ఆనకట్ట పని పట్టుకున్నాడు. 1847లో మొదలై 1852కి పూర్తయింది. వీణెం వీరన్న లాంటి మనవాళ్ళు దగ్గరుండి పని నడిపించారు. నది అక్కడ లంకలతో చీలి ఉంటుంది కాబట్టి ఆనకట్ట నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి మొత్తం 175 గేట్లు. మే 15న మా ఊళ్ళలో కాటన్ విగ్రహానికి దండలు వేస్తాం. ఎందుకు వేస్తామో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

నేను చూద్దామని వెళ్ళింది నిండు గోదావరిని. చూసింది ఇసక మేటల్ని. గేట్లన్నీ దించేసి ఉన్నాయి. వాటి వెనక నిలిచిన నీళ్ళనే కాలువల్లోకి పంపుతున్నారు. ఆ దిగువన నది పాయలుగా చీలి, మోకాలి లోతు కూడా లేదు. అక్కడ టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక ముసలాయన, ఒకప్పుడు కాలువ మీద లస్కరుగా చేశాడట, చెప్పాడు: "ఈ రోజుల్లో గోదారిలో సొంత నీళ్ళెక్కడివండి? పైన సీలేరులో కరెంటు తీసి వదిలితే, ఆ నీళ్ళే మీ దాళ్వా." అంటే ధవళేశ్వరం కూడా ఒక శివారేనన్నమాట. దాని పైన ఇంకెవరో ఉన్నారు.

రాత్రికి కడియం నుంచి కాకినాడకి మొక్కలు తీసుకెళ్తున్న ఒక చిన్న ట్రక్కు దొరికింది. సైకిలు బంతిమొక్కల మధ్య, నేను డ్రైవరు పక్కన. రోజంతా తొక్కిన అరవై పైచిలుకు కిలోమీటర్లు రెండు గంటల్లో వెనక్కి పోయాయి.

ఇంటికెళ్ళకుండా తిన్నగా చేలోకి వెళ్ళా. టార్చి నోట్లో పెట్టుకుని బస్తాలు ఒక్కొక్కటే లాగి గట్టు మీద పడేశా. నాలుగూ తీసేసరికి నడుం పట్టేసింది. బోదెలో ఉన్న ఆ కాస్త నీరు కిందకి కదిలింది. పెద్దగా ఏం లేదు, ఒక చెంబుడు ఉంటుందేమో. తర్వాతి వంతుకి నీళ్ళొచ్చాయి. మా ఇద్దరికీ సగం సగం అందాయి. నా చేలో ఒక మూల పది సెంట్లు పోయినట్టే. వాడిది బాగానే ఉంది. బస్తాల సంగతి వాడు ఎత్తలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నా కాబట్టి ఇక తెలుస్తుంది.

పైవాళ్ళ తప్పు లేదని నేననట్లేదు. పూడిక తీయాలి, డెక్క తీయాలి, తూములు బాగుచేయాలి, అడగాల్సింది గట్టిగానే అడుగుతాం. ఈ వారం మా ఊరివాళ్ళం అర్జీ కూడా పెట్టాం. కానీ నా నాలుగు బస్తాలకి ఎవరికీ అర్జీ పెట్టక్కర్లేదు కదా.

మీరూ ఒకరోజు వెళ్ళండి. శివారు నుంచి మొదలుపెట్టి ఎగువకి వెళ్ళండి, మధ్యాహ్నం గాలి సాయం చేస్తుంది. పంచరు సామాను, రెండు సీసాల నీళ్ళు, తలకి తుండు మర్చిపోకండి. కెనాల్ రోడ్డు మీద లారీలు ఎక్కువ, గట్టు బాగున్నచోట గట్టు మీదే వెళ్ళండి. వెళ్ళేముందు మాత్రం ఒకసారి మీ బోదె కిందకి నడిచి చూసుకోండి, అక్కడ ఎవరున్నారో.

ఉంటానండి. పొద్దున్నే చేలోకెళ్ళాలి.