టవర్ స్పీకర్లలో ‘ధ’ వినిపిస్తుందా?



పోయిన నెల మన సంఘం సమావేశంలో కాఫీ దగ్గర ఒక సభ్యుడు నన్ను పట్టుకున్నారు. “మీకు పాటల పిచ్చి కదా. రిటైరైన డబ్బు చేతికొచ్చింది, టవర్ స్పీకర్లు తీసుకుందామనుకుంటున్నా. ఏ కంపెనీ మంచిది?” అని. కంపెనీ పేరు చెప్పను గానీ, నేను ఎలా చూసి కొన్నానో చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు నా చెవి సంగతి. నా చదువు జోలార్‌పేటలో, తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. త, థ, ద, ధలకూ అంతే. కాబట్టి ఒత్తు పలకడం నాకు ఏ పంతులూ నేర్పలేదు, రేడియో నేర్పింది. రేడియో సిలోన్‌లో మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు, తర్వాత ఘంటసాల మాస్టారి భగవద్గీత. ‘ధర్మం’ అనేటప్పుడు ‘ధ’కి ఎంత ఊపిరి వదలాలో ఆయన దగ్గరే తెలిసింది. (ళ దగ్గర మాత్రం మేం వెనకబడలేదు. తమిళంలో ఇంకో రకం ళ కూడా ఉంది!) అందుకే స్పీకరుకి నేను పెట్టే మొదటి పరీక్ష మాట. షాపువాళ్ళు పెట్టే పరీక్ష దడదడలాడే బేస్.

గట్టిగా వినిపించడం వేరు, మాట తెలియడం వేరు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, నాకు ఇది బాగా తెలుసు. పెద్ద స్టేషన్‌లో కొమ్ము స్పీకరు చెవులు బద్దలయ్యేలా అరుస్తుంది. ఆ శబ్దం పైకప్పుకి కొట్టుకుని తిరిగొచ్చేసరికి బండి నంబరు తెలుస్తుంది, ఏ ఊరి బండో తెలియదు. అదే పాత ల్యాండ్‌లైన్ టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. అయినా అవతలి మనిషి మాట పోల్చుకుంటాం.

ఇప్పుడు జోడీ కుదర్చడం. మీ యాంప్లిఫయరు వెనక చూడండి, ఎన్ని ఓమ్స్ స్పీకరు తగిలించవచ్చో రాసి ఉంటుంది. 8 అని ఉన్నదానికి 4 ఓమ్స్ టవర్ తగిలిస్తే అది ఎక్కువ కరెంటు లాగుతుంది, యాంప్ వేడెక్కుతుంది. స్పీకరు మీద రాసే 6, 8 కూడా ఉజ్జాయింపు అంకెలే, కొన్ని స్వరాల దగ్గర అంతకంటే కిందికి దిగుతుంది. రెండోది సెన్సిటివిటీ. దీన్ని మనవాళ్ళు ఎవరూ అడగరు. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో అది చెబుతుంది. 3 డెసిబెల్స్ తేడా అంటే సగానికి సగం పవర్. 86 ఉన్న స్పీకరుకి 100 వాట్లు కావలసిన చోట 89 ఉన్నదానికి 50 చాలు. నా యాంప్ 50 వాట్లదే. యాంప్ మార్చే బదులు 89 ఉన్న జత వెతికాను. చిన్న యాంప్‌ని చివరిదాకా తిప్పితే శబ్దం పగులుతుంది, ముందు కాలేది ట్వీటరే.

ఇక గది. బెంగళూరు అపార్ట్‌మెంట్ హాలు మీకు తెలిసిందే, కింద టైల్స్, చుట్టూ బోసి గోడలు. మా హాలు పొడుగు 14 అడుగులు. ఆ పొడుగుకి 40 హెర్ట్జ్ దగ్గర గదే మోగుతుంది. పెద్ద టవర్ సరిగ్గా అక్కడే బలంగా ఊదుతుంది. వెనక రంధ్రం ఉన్నదాన్ని గోడకి ఆనించి పెట్టారా, మృదంగం ఎడమ వైపు మోత లేచి పాటలో సాహిత్యాన్ని మింగేస్తుంది. అందుకే ముందు వైపు రంధ్రం ఉన్న సన్నటి టవర్లు తీసుకుని గోడకి అడుగున్నర ఎడం ఉంచాను. కింద జంపకానా, కిటికీకి మందపాటి కర్టెను వేశాం. ఆ కర్టెను చేసిన మేలు ఖరీదైన వైర్లు చెయ్యవు. ఎస్.పి. రోడ్డులో మీటరు లెక్కన దొరికే మంచి రాగి వైరు చాలు. వైరుకే పదివేలు పెట్టమనేవాణ్ణి నమ్మకండి.

ఇంత ఖర్చు పెట్టే ముందు నేను చేసిన ఇంకో పని, చెవి పరీక్ష. మా అబ్బాయి నవ్వాడు. నవ్వితే నవ్వనీ. అరవై దాటాక ముందు తగ్గేది పైస్థాయి వినికిడి. శ, ష, స తేడాలు, ఒత్తుల ఊపిరి ఎక్కువగా ఉండేది అక్కడే. పరీక్షలో 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో చెవికి గీత గీసి ఇస్తారు. నా ఎడమ చెవి 4000 దగ్గర నుంచి కిందికి దిగింది. రేడియోలో నేర్చుకున్న తెలుగు, చెవిలోంచి ఒక్కో అక్షరమే జారిపోతుందేమోనని ఆ కాగితం చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. పాటలు వినే సుఖం ఇంకెన్నాళ్ళో తెలియదు కాబట్టి కొనడం వాయిదా వెయ్యలేదు. కానీ బేస్ కోసం లక్ష పోయడం మానేశాను, గొంతు తేటగా పలికేదే తీసుకున్నాను.

షాపుకి వెళ్తే మీకు కంఠతా వచ్చిన పాట పట్టుకెళ్ళండి. వాళ్ళు వేసింది వినకండి. శబ్దం తక్కువ పెట్టించి వినండి. తక్కువలో కూడా మాట విడివిడిగా తెలిస్తే అది మీ స్పీకరు. గట్టిగా పెడితే అన్నీ బాగానే ఉంటాయి.

అన్నట్టు టవర్ల అడుగున ముళ్ళు ఉంటాయి, టైల్స్ మీద గీతలు పడతాయి. ఒక్కో ముల్లు కింద పాత రూపాయి నాణెం పెట్టాను. మా మనవడు అవి లాగేసుకుని హుండీలో వేసుకుంటున్నాడు, వారానికి రెండుసార్లు మళ్ళీ పెడుతున్నాను.