కెరటానికి కర్చీఫ్ వేయలేం

జగ్గయ్యపేట బస్టాండ్‌లో పెరిగినవాళ్ళకి ఒక చట్టం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసినవాడిదే సీటు. కర్చీఫ్ లేకపోతే లంచ్ బ్యాగ్, అదీ లేకపోతే చిన్న తమ్ముడు. గొడవలవుతాయి గానీ దెబ్బలు తగలవు. మహా అయితే నందిగామ దాకా నిలబడి వెళ్తాం. సముద్రంలోనూ ఇలా "ముందు ఎవరిది" అనే చట్టం ఒకటుందని, దాన్ని పట్టించుకోకపోతే తలలు పగులుతాయని మొన్న సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక తెలిసింది. విశాఖలో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళి, అన్నయ్యతో కలిసి ఋషికొండలో రెండు రోజులు సర్ఫింగ్ క్లాసుకి వెళ్ళాను.

మా వైపు నీళ్ళంటే మున్నేరు, పాలేరు, ముక్త్యాల దగ్గర కృష్ణ. అమ్మకి వరసకి తమ్ముడయ్యే ఒకాయన నేను పుట్టకముందే కృష్ణలో స్నానానికి దిగి తిరిగి రాలేదు. అందుకే మా ఇంట్లో నీళ్ళ గురించి ఉన్న జ్ఞానమంతా ఒక్కటే మాట: "వెళ్ళకు." ఎందుకు వెళ్ళకూడదో, వెళ్తే ఏం చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళకీ తెలియదు. నాకు ఈత వచ్చు, హాస్టల్ దగ్గర స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్నా. కానీ స్విమ్మింగ్ పూల్ నీళ్ళు ఎక్కడికీ పోవు కదా.

మాకు నేర్పిన అన్న జాలరి కుటుంబం నుంచి వచ్చినవాడు. మొదటి అరగంట బోర్డు ముట్టుకోనివ్వలేదు. "ముందు కూసోండి. కెరటం సూడండి. ఎక్కడ ఇరుగుతోంది, ఎక్కడ ఇరగట్లేదు, నాకు సెప్పండి" అన్నాడు. (మేం అల అంటాం, వాళ్ళు కెరటం అంటారు. రెండు రోజుల్లో నాకూ కెరటమే అలవాటైంది.) కాసేపటికి ఒక చోట తేడా కనిపించింది. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో కొంచెం ముదురు రంగులో, నురగ లేకుండా ప్రశాంతంగా ఒక దారి. దిగమంటే నేనైతే అక్కడే దిగేవాణ్ణి. అదే రిప్ కరెంట్.

కెరటాలు ఒడ్డు మీదికి నీళ్ళు తోస్తూనే ఉంటాయి, ఆ నీళ్ళు మళ్ళీ వెనక్కి పోవాలి. ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ లోతు ఉంటే అక్కడినుంచి సన్నటి ఏరులా లోపలికి పరిగెడతాయి. లోతున్న చోట కెరటం విరగదు, అందుకే అది శాంతంగా కనిపిస్తుంది. గట్టి రిప్ వేగం సెకనుకి రెండు మీటర్లు దాటగలదు. ప్రపంచంలో మేటి ఈతగాళ్ళు వంద మీటర్లు 47 సెకన్లలో ఈదుతారు, లెక్కేస్తే అదీ దాదాపు అంతే. అంటే ఒడ్డు వైపు ఎదురీదితే మనం గెలవం, అలసిపోతాం. మనిషిని పోగొట్టేది ఆ అలసటే. ఆ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకెళ్తుంది. కాబట్టి తేలాలి, ఒక చెయ్యి పైకెత్తి పిలవాలి, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, నురగ ఉన్న చోటినుంచి వెనక్కి రావాలి. తమాషా ఏంటంటే బాగా వచ్చినవాళ్ళు ఇదే రిప్‌ని లిఫ్ట్‌లా వాడుకుని లోపలికి వెళ్తారు. మేం మాత్రం రెండు రోజులూ నడుం లోతు దాటలేదు.

ఇక అసలు చట్టం. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో మ్యూటెక్స్ చదివినవాళ్ళకి సులువు: ఒక కెరటం, ఒక మనిషి. లాక్ ఎవరికంటే, కెరటం విరగడం మొదలైన చోటికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళకి. ఎవరు ముందు కేక పెట్టారన్నది, ఎవరు సీనియర్ అన్నది లెక్కలోకి రాదు. ఇది మర్యాద కోసం పెట్టారనుకున్నా, కాదు. ఆ మనిషికి వెనకంతా విరిగిపడుతున్న నీళ్ళు, వెళ్ళడానికి ముందున్న దారి ఒక్కటే. ఆ దారిలోకి మనం దూరితే అతను ఆగలేడు, తప్పుకోలేడు. టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మొదటిసారి పెట్టినప్పుడు కూడా అడ్డొచ్చినవాళ్ళకి మార్కులు కోసే రూలు ఉంది. అలాగే, లోపలికి వెళ్ళేవాడు వస్తున్నవాడికి దారివ్వాలి. కెరటాలు విరిగే చోటు మధ్యలోంచి కాకుండా పక్కనుంచి వెళ్ళాలి. ఇరుక్కుపోతే అతని ముందునుంచి దాటకుండా అతని వెనక నురగలోకి వెళ్ళి ఆ దెబ్బేదో మనమే తినాలి. ఎన్‌హెచ్ 65 మీద ఈ పద్ధతి పెడితే ఎంత బాగుండునో!

బోర్డు వదలకూడదన్నది ఇంకో రూలు. మాకిచ్చినవి మెత్తటి ఫోమ్ బోర్డులే, కానీ నా కంటే పొడుగు. కింద రెక్కలుంటాయి. కెరటం వస్తుంటే బోర్డుని మనకీ కెరటానికీ మధ్య అడ్డంగా పెట్టుకోకూడదు, అది తిరిగి మన మొహానికే తగులుతుంది. పక్కన, ముక్కు సముద్రం వైపు పెట్టి పట్టుకోవాలి. కాలికి తాడు కడతారు కదా అని ధీమా వద్దు. ఆ తాడు 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో వాడుకలోకి వచ్చింది. అప్పటి రబ్బరు తాడు సాగి, బోర్డు వెనక్కి ఎగిరొచ్చి తగిలి, వెట్‌సూట్లకి పేరుపడ్డ జాక్ ఓనీల్ ఒక కన్ను పోగొట్టుకున్నాడు. పడేటప్పుడు తలకిందులుగా దూకకుండా చదునుగా పడాలి, రెండు చేతులూ తల చుట్టూ పెట్టుకుని నెమ్మదిగా పైకి రావాలి. మొదటి రోజు నేను బోర్డు మీద నిలబడ్డది మూడు సెకన్లు. పడటం ప్రాక్టీసు మాత్రం బాగా అయింది.

ఇంటర్నెట్ రూల్స్‌లో లేనిది ఒకటి అన్న చెప్పాడు. మన బీచ్‌లో చీరలతో, పిల్లల్ని ఎత్తుకుని, ఫోన్లు పట్టుకుని జనం మోకాలి లోతులో నిలబడి ఉంటారు. కొత్తవాళ్ళ బోర్డు వచ్చేది సరిగ్గా అక్కడికే. వాళ్ళకి మన చట్టం తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కాబట్టి దూరంగా వెళ్ళాల్సింది మనమే. వలలు కనిపించినా, పడవ వస్తున్నా అంతే. "ఆళ్ళు పనిలో ఉన్నారు, మనం ఆటలో ఉన్నాం" అన్నాడు. రెండో రోజు పొద్దున ఇన్‌కాయిస్ వాళ్ళ కెరటాల అంచనా చూశాకే దింపాడు. ఆ ఆఫీసు ఉన్నది హైదరాబాద్‌లో. సముద్రం లేని ఊరినుంచి సముద్రం కబురు రావడం, సముద్రం లేని ఊరివాణ్ణి కాబట్టి, నాకు భలే నచ్చింది.

ఇంటికొచ్చి ఇదంతా అమ్మకి చెప్పాను. తిడుతుందనుకున్నా. చపాతీ వత్తుతూ మొత్తం విని, "ఇవి మున్నేరులో పనికొస్తాయా?" అని అడిగింది. చాలావరకు రావు. ఏరు ఒక్క వైపే పోతుంది, ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు, కాలికి తాడుంటే రాళ్ళలో చిక్కుకుని అదే ప్రాణం తీస్తుంది. 2023 జులైలో మున్నేరు ఐతవరం దగ్గర హైవే మీదికే వచ్చింది, అలాంటప్పుడు ఏ రూలూ ఉండదు. పనికొచ్చేది దిగేముందు కూర్చుని చూడటమే, నిమ్మళంగా ఉన్న చోటుని ముందు అనుమానించడమే అన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు మీ మామయ్య దిగిన చోట కూడా నీళ్ళు చాలా నిమ్మళంగా ఉన్నాయంటరా" అంది. తర్వాత ఇంకో చపాతీ వత్తి, బోర్డు ఎంత బరువుంటుందని అడిగింది.